తుపాకికి దుర్భిణి

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని మనకొక సామెత కలదు. అది విని ఆడలేనమ్మను చూచి నవ్వుట తేలిక. కాని మద్దెల నిజముగానే ఓడైన సందర్భములును లోకమున లేకపోలేదు. అట్టిచోట ఆడునది ఎంత నేర్పరియైనను ఆట రక్తికట్టదు. లోపము ఆటలో ఉన్నదా, మద్దెలలో ఉన్నదా అని పక్షపాతము లేకుండ తేల్చుకొనుటయే కష్టము.

తుపాకి గురిపోటీలలో పాల్గొనువారికి ఈ ప్రశ్న తక్కిన క్రీడాకారులకంటె పదునుగా ఎదురగును. వారిలో కొందరు రైఫిలుమీద దుర్భిణి బిగించి గురిచూతురు. కొంతకాలము సాధన చేసిన పిమ్మట పాయింట్లు ఒకచోట ఆగిపోవును. అప్పుడు మనసు దుర్భిణిమీదికి పోవును. ఇంతకంటె పెద్దదిగా చూపునది, ఇంతకంటె తేటగా చూపునది కొన్నచో ఆగిన పాయింట్లు కదలునేమో అను ఆశ పుట్టును. మంచి దుర్భిణి వెల ఒక్కొక్కప్పుడు దానిని మోయు తుపాకి వెలను మించును. మధ్యతరగతి కుటుంబమున కూడబెట్టిన సొమ్ము ఒక్కమారే ఖర్చగును. దానిని గాజుకు పెట్టినచో తూటాలకు తగ్గును. తూటాలు తగ్గినచో సాధన తగ్గును. కనుక ఇది సరదాకు చేయు కొనుగోలు కాదు. ఒక క్రీడాకారుని రెండు మూడు సంవత్సరముల కృషి ఏ దారిని పోవలెనో నిర్ణయించు వ్యవహారము.

ఈ ప్రసంగములో మేము ఏ కర్మాగారపు సరకునకును సిఫారసు చేయబోము. తుపాకిమీదికి దుర్భిణి ఎట్లు వచ్చినదో, అది గురికాండ్రకు ఏమి ఇచ్చినదో, ఏమి ఇయ్యలేకపోయినదో చరిత్రను అడిగి తెలిసికొందము. నిర్ణయమునకు కావలసిన ఆధారము అందులోనే దొరకునని మా అభిప్రాయము.

దుర్భిణి 1608లో హాలెండు దేశపు కళ్లద్దముల పనివారి చేతులనుండి వెలువడినది. మరుసటి సంవత్సరమున గెలీలియో దానిని ఆకాశమువైపు త్రిప్పెను. అయితే ఆ తొలి దుర్భిణులు చూచుటకే కాని గురిపెట్టుటకు పనికివచ్చునవి కావు. కనిపించు దృశ్యములో 'సరిగా ఇక్కడ' అని చూపు గుర్తు వానిలో లేదు. ఆ గుర్తును మానవునకు చూపినది ఒక సాలీడు. ఇంగ్లండులోని యార్క్‌షైరు ప్రాంతీయుడైన విలియం గాస్కోయిన్ అను యువ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు 1640 ప్రాంతమున రెండు కుంభాకార కటకముల దుర్భిణితో పనిచేయుచుండెను. గొట్టములో సాలీడు అల్లిన దారము ఒకనాడు దూరపు వస్తువుతోపాటు అంతే తేటగా ఆయనకు కనిపించెను. అట్టి దుర్భిణిలో దూరపు దృశ్యము గొట్టములోపల ఒక తలమున ప్రతిబింబించును. దారము సరిగా ఆ తలముననే పడినది. గాస్కోయిన్ ఆ మర్మమును గ్రహించి తన కొలత పరికరములలో గురిదారములను అమర్చుకొనెను. 1644 జూలై 2న మార్‌స్టన్ మూర్ యుద్ధములో రాజు పక్షమున పోరాడి మరణించెను. దారమును దృశ్యమును ఒకే తలముమీదికి తెచ్చిన ఈ చిన్న సంఘటనను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. మన ప్రశ్నకు సమాధానము చాలవరకు దానిలోనే ఉన్నది.

ఆ తరువాత ఇంచుమించు రెండువందల సంవత్సరములు దుర్భిణి తుపాకిమీదికి రాలేదు. కారణము గాజులో లేదు, తుపాకిలో ఉన్నది. నునుపు గొట్టపు తుపాకినుండి వెలువడు గుండ్రని సీసపు గుండు నూరు గజములు దాటినచో ఎటు పోవునో చెప్పుట కష్టము. అట్టి తుపాకికి ఎంత సూక్ష్మమైన చూపు అమర్చినను ఏమి లాభము? గొట్టములోపల మరచుట్టుగా గాడులు కోసి, గుండును బొంగరమువలె త్రిప్పి పంపు రైఫిళ్లు స్థిరపడిన పిమ్మటనే దుర్భిణికి పని కలిగినది. 1835–40 మధ్యకాలమున న్యూయార్కు రాష్ట్రములోని యూటికా పట్టణమున మోర్గన్ జేమ్స్ అను తుపాకుల పనివాడు, జాన్ చాప్‌మన్ అను ఇంజనీరు సూచనల ననుసరించి రైఫిలుకు దుర్భిణి చేసెను. ఆ కాలపు దుర్భిణులు దాదాపు తుపాకి గొట్టమంత పొడవుండెను. 1855లో అదే రాష్ట్రపు సిరక్యూజు పట్టణమున విలియం మాల్కం వానిని మెరుగుపరచెను. అంచులలో రంగులు చెదరనీయని కటకములను వాడి, ఎత్తుకును ప్రక్కకును సవరించుకొను ఏర్పాటును బాగుచేసెను.

మన దేశముతో సంబంధము కల పేరొకటి ఇక్కడ వచ్చుచున్నది. బొంబాయి సైన్యములో ఉద్యోగము చేసిన డేవిడ్ డేవిడ్‌సన్ అను సైనికాధికారి తాను రూపొందించిన తుపాకి దుర్భిణికి 1862లో పేటెంటు పొందెను. దానిని విట్‌వర్త్ రైఫిలు ప్రక్కన బిగించెడివారు. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధములో దక్షిణ రాష్ట్రముల గురికాండ్రు కొందరు అట్టి తుపాకులను వాడిరి.

ఇంతవరకు చరిత్ర చెప్పుచున్న మొదటి మాట ఇది: తుపాకి గురి ఎంత సూక్ష్మమో దుర్భిణి అంతవరకే ఉపకరించును. కదలకుండ బిగించి కాల్చినను గుండ్లు చెల్లాచెదరుగా పడు తుపాకికి పెద్ద దుర్భిణి తగిలించుట, వంకర గోడకు సున్నము పూయుట వంటిది. గోడ తెల్లబడును కాని వంకర పోదు.

ఇక యుద్ధమునుండి క్రీడకు వత్తము. ఇంగ్లండులో 1859లో జాతీయ రైఫిలు సంఘము ఏర్పడినది. దాని మొదటి పోటీలు 1860 జూలై 2న లండను సమీపమున వింబుల్డన్ మైదానములో ప్రారంభమైనవి. విక్టోరియా రాణి మొదటి గుండు కాల్చెను. నిజము చెప్పవలెనన్న ఆమె తుపాకిని చేతబట్టలేదు. విట్‌వర్త్ రైఫిలును ముందే గురిచూచి ఇనుప చట్రములో బిగించియుంచిరి. రాణి ఒక పట్టుత్రాటిని లాగెను. 400 గజముల దూరమునున్న లక్ష్యపు నడిమికి రెండు అంగుళములలోపున గుండు తగిలినది. ఇది వేడుక కొరకు చేసిన ఏర్పాటే. కాని పరికరమును పరీక్షించు పద్ధతి అందులో కనిపించుచున్నది. చేయి, ఊపిరి, కన్ను ఈ మూడింటిని ప్రక్కకు తొలగించినప్పుడు తుపాకి స్వయముగా ఎంత చేయగలదో తెలియును. ఆ హద్దు తెలియనిదే తప్పు ఎవరిదో తేల్చుటకు వీలులేదు.

ఈ పోటీలకు మన కొల్హాపురపు రాజు పేర ఒక బహుమానపు పాత్ర 1871లో వచ్చి చేరినది. 1890లో పోటీలు వింబుల్డన్ నుండి బిస్లీ మైదానమునకు మారినవి. కొల్హాపురపు పాత్ర పేరు నేటికిని అక్కడ నిలిచియున్నది. ఈ పేరును మరల తలచుకొను సందర్భము ముందు వచ్చును.

వింబుల్డనులో 1873లో గెలిచిన ఐర్లండు జట్టు మరుసటి సంవత్సరమున అమెరికా వారిని సవాలు చేసినది. న్యూయార్కు సమీపమున క్రీడ్‌మూర్ మైదానములో 1874 సెప్టెంబరు 26న ఆ పోటీ జరిగినది. జట్టుకు ఆరుగురు. 800, 900, 1000 గజముల దూరములనుండి ఒక్కొక్కరు పదునైదేసి గుండ్లు కాల్చవలెను. నడి లక్ష్యమునకు 4 పాయింట్లు. రెండు జట్లవారికిని దుర్భిణులు లేవు. సూక్ష్మముగా సవరించుకొను లోహపు గురిచూపులే. ఐర్లండువారు ముందునుండి మందు కూరు రిగ్బీ రైఫిళ్లను తెచ్చిరి. అమెరికావారు వెనుకనుండి తూటా పెట్టు రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లను పట్టిరి. పాతదానికిని క్రొత్తదానికిని జరిగిన పందెమని జనులు చూడవచ్చిరి.

చివరకు అమెరికాకు 934, ఐర్లండుకు 931 పాయింట్లు వచ్చినవి. గరిష్ఠము 1080. మూడు పాయింట్ల తేడాతో క్రొత్త తుపాకి గెలిచినదని చెప్పుకొనవచ్చును. కాని ఆనాటి లెక్కలో ఒక సున్న ఉన్నది. ఐర్లండు జట్టులోని మిల్నర్ కాల్చిన గుండొకటి సరిగా నడి లక్ష్యమునకే తగిలినది. అయితే అది తన బల్ల కాదు, ప్రక్క బల్ల! ఆ గుండుకు పాయింట్లు రాలేదు. అది తన బల్లకు తగిలియున్నచో 4 పాయింట్లు చేరి ఐర్లండు 935తో గెలిచియుండెడిది. ఇక అమెరికా జట్టులో చివర కాల్చిన జాన్ బోడిన్ సీసా పగిలి తెగిన చేతితో, నెత్తురు కారుచుండగా, 1000 గజములనుండి నడి లక్ష్యమును కొట్టెను. అంతవరకు అమెరికా ఒక పాయింటు వెనుకబడి ఉండెను.

ఈ పోటీని మేము వివరముగా చెప్పుటకు కారణమున్నది. రెండు జట్ల పరికరములు దాదాపు సమానముగానే పనిచేసినవి. ఫలితమును తేల్చినవి ఒకని తెగిన చేయి, ఒకని పొరబడిన బల్ల. ఈ పొరబాటు దుర్భిణులు వచ్చిన తరువాత తొలగిపోయినదా అన్నచో, తొలగలేదు. దుర్భిణి ఎంత పెద్దదిగా చూపునో, అందులో కనిపించు ప్రదేశము అంత చిన్నది. ప్రక్కప్రక్కన వరుసగా నిలిచిన బల్లలలో తన సంఖ్య చూచుకొనక ప్రక్కవాని బల్లను కాల్చుట నేటి పోటీలలోను జరుగుచునే ఉన్నది.

ఇప్పుడు గాజు చేయు పనిని కొంచెము లెక్కతో చూతము. మన పంచాంగములలో ఒక భాగను 60 కళలుగా విభజింతురు. గురికాండ్రు లెక్కించునది ఆ కళలోనే; వారు దానిని మినిట్ అందురు. ఒక కళ 100 గజముల దూరమున సుమారు 26.6 మిల్లీమీటర్ల వెడల్పును, 1000 గజముల దూరమున సుమారు 26.6 సెంటీమీటర్ల వెడల్పును కప్పును. ఆరోగ్యముగల మానవనేత్రము వేరుపరచి చూడగల సూక్ష్మత దాదాపు ఒక కళ. పదిరెట్లు పెద్దదిచేయు దుర్భిణితో అందులో పదవవంతును చూడవచ్చును. ఇది గొప్ప లాభమే. కాని గాజు లక్ష్యమునే కాదు, అన్నింటిని పెద్దది చేయును. చేతి వణుకు, నాడి కొట్టుకొనుట, ఊపిరి కదలిక, వేడినేలనుండి లేచు ఎండమావి ఇవన్నియు అదే పాళ్లలో పెరుగును. ఇరువదిరెట్ల దుర్భిణిలో నిలువని గురిదారమును చూచి కొత్తవాడు బెదరి, సరిగా నడిమికి వచ్చిన క్షణమునందే మీటను లాగబోయి తుపాకిని కుదుపును. చిన్న దుర్భిణిలో ఆ వణుకు కనబడకున్నందున వాని చేయి శాంతముగా ఉండెడిది.

రేడియో నిలయములో పనిచేయు మాకు దీనికి సమీపమున ఒక పోలిక ఉన్నది. మంచి మైక్రోఫోను గొంతును మార్చదు. ఉన్న గొంతును ఉన్నట్లు వినిపించును. కాగితము త్రిప్పిన చప్పుడును, మింగిన గుటకనుకూడ వినిపించును. గొంతు సాధన చేసిన విద్వాంసునకు అది వరము. సాధన చాలనివానికి అది పరీక్షకుని వంటిది.

వెలుగు సంగతి చూతము. ముందు కటకము వ్యాసమును పెంపురెట్లతో భాగించినచో కంటికి చేరు వెలుగుబిళ్ల వ్యాసము వచ్చును. 50 మిల్లీమీటర్ల కటకముగల దుర్భిణి 25 రెట్లు చూపునప్పుడు ఆ బిళ్ల 2 మిల్లీమీటర్లు. 50 రెట్లు చూపునప్పుడు 1 మిల్లీమీటరు మాత్రమే. దృశ్యము పెద్దదగును, మసకయు అగును. పూత లేని గాజు తలము ఒక్కొక్కటి నూటికి సుమారు 4 వంతుల వెలుగును వెనుకకు త్రిప్పును. అట్టి తలములు పది ఉన్న గొట్టములో దాదాపు మూడవవంతు వెలుగు కంటికి చేరకముందే నష్టమగును. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా ఈ ప్రతిఫలనమును అణచు పలుచని పూతను రూపొందించెను. ఆ పూత నేడు మధ్యరకపు దుర్భిణులకు సైతము ఉన్నది. కనుక ఒకప్పుడు సామాన్యపు గాజుకును శ్రేష్ఠమైన గాజుకును ఉండిన అంతరము ఇప్పుడు చాల తగ్గినది. వెల హెచ్చిన కొలది లాభము హెచ్చును కాని వెల హెచ్చినంతగా హెచ్చదు.

దుర్భిణి లేకుండ మానవుడు ఎంతదూరము పోగలడో తెలియవలెనన్న ఒలింపిక్ రైఫిలు పోటీలను చూడవలెను. 10 మీటర్ల గాలితుపాకి పోటీలోను, 50 మీటర్ల మూడు భంగిమల పోటీలోను దుర్భిణితో గురిచూచుటకు అనుమతి లేదు. వెనుక ఒక సన్నని రంధ్రము, ముందు ఒక వలయము, అంతే. 10 మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసము 0.5 మిల్లీమీటరు. కాల్చు స్థలమునుండి అది ఒక కళలో ఆరవవంతు మాత్రమే. ఏ మానవనేత్రమునకును అది కనబడదు. కనబడని చుక్కను కొట్టుట ఎట్లు? దాని చుట్టును 30.5 మిల్లీమీటర్ల నల్లని వృత్తమున్నది. ఆ నల్లని వృత్తమును ముందు వలయములో చుట్టును సమానమైన తెలుపు కనిపించునట్లు నిలుపుదురు. వృత్తములో వృత్తమును సరిగా నడుమ నిలుపుటలో మన కన్ను అద్భుతముగా పనిచేయును. ఈ విద్యకు పెద్ద గాజు అవసరము లేదు. ప్రతిమారును ఒకే విధముగా నిలిచి, ఒకే విధముగా చెంప ఆనించి, ఒకే విధముగా మీట నొక్కుట అవసరము.

మన దేశములో 1951లో జాతీయ రైఫిలు సంఘము ఏర్పడినది. తరువాత లోకసభకు తొలి స్పీకరైన గణేశ వాసుదేవ మావలంకర్ దానికి మొదటి అధ్యక్షుడు. ఆ సంఘము పుట్టిన 57 సంవత్సరములకు, 2008 ఆగస్టు 11న బీజింగులో అభినవ్ బింద్రా 10 మీటర్ల గాలితుపాకి పోటీలో స్వర్ణ పతకము గెలిచెను. ఒలింపిక్సులో భారతీయుడు వ్యక్తిగతముగా గెలిచిన మొదటి స్వర్ణము అదియే. తొలి పోటీలో 596, అంతిమ పోటీలో 104.5, వెరసి 700.5 పాయింట్లు. చివరి గుండుకు ముందు ఆయనయు ఫిన్లండు క్రీడాకారుడు హెన్రి హాకినెన్‌ను సమానముగా ఉండిరి. బింద్రా చివరి గుండు 10.8. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో అదే పోటీలో 701.1 పాయింట్లతో కాంస్య పతకము గెలిచెను. 2024లో పారిసులో 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో స్వప్నిల్ కుశాలే 451.4 పాయింట్లతో కాంస్యము తెచ్చెను. ఆయన కొల్హాపురము జిల్లా వాడు. నూటయేబది సంవత్సరములకు మునుపు వింబుల్డన్ పోటీలకు పాత్ర నిచ్చిన పేరు, ఇప్పుడు ఆ సీమనుండి వచ్చిన గురికాని మూలమున మరల వినవచ్చినది. ఈ ముగ్గురును దుర్భిణి లేకుండనే గురిచూచినవారు.

అయినచో దుర్భిణి వట్టి ఆడంబరమని చెప్పవచ్చునా? చెప్పరాదు. దానికి కెనడానుండి సాక్ష్యమున్నది. అక్కడ జార్జి ఫార్కర్‌సన్ అను అనుభవజ్ఞుడైన గురికానికి వయసుతోపాటు కంటిచూపు తగ్గినది. లోహపు గురిచూపుతో దూరపు పోటీలలో కాల్చుట అసాధ్యమైనది. చేయి చెడలేదు, గాలిని చదువు నేర్పు పోలేదు. కన్ను ఒక్కటియే వెనుకబడినది. తుపాకికి ఊతమును, దుర్భిణిని అనుమతించు తరగతి ఒకటి ఏర్పడవలెనని ఆయన ప్రయత్నించెను. ఆయన పేరులోని మొదటి అక్షరమునుబట్టియే ఆ తరగతికి ఎఫ్-క్లాస్ అని పేరు వచ్చినది. నేడు అది అనేక దేశములలో వ్యాపించినది. వయసు మీరిన ఎందరో గురికాండ్రు దానివలన మైదానమున నిలిచియున్నారు.

ఇప్పుడు గాస్కోయిన్ సాలీడును మరల తలచుకొనవలెను. నలుబదియేండ్లు దాటిన కంటికి దగ్గరి వస్తువును దూరపు వస్తువును మార్చిమార్చి తేటగా చూచు శక్తి తగ్గును. లోహపు గురిచూపులో వెనుక రంధ్రము ఒక దూరమున, ముందు వలయము ఒక దూరమున, లక్ష్యము మరొక దూరమున ఉండును. కన్ను ఒక్కసారి ఒక్కదానినే తేటగా చూడగలదు. దుర్భిణిలో గురిదారమును లక్ష్యమును ఒకే తలమున నిలుచును. కన్ను ఒక్కచోట నిలిచినచో చాలును. దుర్భిణి చేయు మహోపకారము ఇదియే. పెద్దదిచేసి చూపుట దాని తరువాతిది. ఈ ఉపకారమును మొదటి దుర్భిణియే, సామాన్యమైనదైనను, పూర్తిగా చేసివేయును. రెండవ దుర్భిణి, ఎంత ఖరీదైనదైనను, దానిని మరల చేయలేదు. లోహపు చూపునుండి దుర్భిణికి మారుట పెద్ద అడుగు. దుర్భిణినుండి మరింత మంచి దుర్భిణికి మారుట, పాతదానిలో నిజమైన లోపమున్ననే తప్ప, చిన్న అడుగు.

ఆ నిజమైన లోపమును ఎట్లు కనుగొనవలెను? మొదటి పరీక్షకు ఒక్క తూటాయు అక్కరలేదు. తుపాకిని ఇసుకసంచులమీద కదలకుండ నిలిపి, లక్ష్యమువైపు చూచుచు తలను మాత్రము కొంచెము పైకి, క్రిందికి, ప్రక్కలకు కదల్పవలెను. గురిదారము లక్ష్యముమీద జరుగుచున్నచో దారమును దృశ్యమును ఒకే తలమున లేవని అర్థము. సవరించు మర ఉన్నచో దానితో సరిచేయవచ్చును. సరికానిచో అది దుర్భిణి లోపమే.

రెండవ పరీక్షకు కొన్ని తూటాలు కావలెను. 100 గజముల దూరమున ఎత్తైన కాగితము కట్టి, మేస్త్రీలు వాడు తూకపు గుండుతో నిలువుగీత గీయవలెను. క్రింద గుర్తుమీద కొన్ని గుండ్లు కాల్చి, మరను 20 కళలు పైకి త్రిప్పి, అదే గుర్తును చూచుచు మరల కాల్చవలెను. గుండ్లు గీతవెంట సుమారు 53 సెంటీమీటర్లు పైకి పోవలెను. మరల 20 కళలు క్రిందికి త్రిప్పినచో మొదటి చోటికే రావలెను. పోయినంత దూరము పోక, లేదా తిరిగి రావలసిన చోటికి రాక తిరుగుచున్నచో, అప్పుడు మద్దెల నిజముగా ఓడే. అయితే తీర్పు చెప్పుటకు ముందు దుర్భిణిని తుపాకికి పట్టియుంచు ఉంగరముల మరమేకులు బిగువుగా ఉన్నవో లేవో చూడవలెను. వదులైన మేకుల నేరమును గాజు మోసిన సందర్భములు తక్కువ కావు.

1000 గజముల పోటీకి పోవువారికి మరొక సంగతి కలదు. 100 గజములకు సరిచేసిన 0.308 అంగుళముల రైఫిలుకు అంత దూరమున సుమారు 35 నుండి 40 కళల ఎత్తు కలుపవలసి వచ్చును. పాత దుర్భిణి మర అంత ఎత్తు తిరుగకపోవచ్చును. ఇది లోపమే, కాని దీనికి మందు క్రొత్త దుర్భిణియే కానక్కరలేదు. 20 కళల వాలుతో చేసిన లోహపు పట్టాను తుపాకికిని దుర్భిణికిని నడుమ బిగించినచో చాలును. దాని వెల దుర్భిణి వెలలో చిన్న భాగము.

ఈ పరీక్షలన్నింటిలో దుర్భిణి నెగ్గినచో, తప్పు మరెక్కడనో ఉన్నది. దానిని పట్టించునది ఒక నోటుపుస్తకము. గుండు వదలిన తక్షణమే, తగిలినచోటు చూడకముందే, గురి ఎక్కడ ఉన్నదని తోచెనో అందులో వ్రాయవలెను. పిమ్మట నిజముగా తగిలినచోటు దాని ప్రక్కన వ్రాయవలెను. రెండును కలియుచు, రెండును నడిమికి దూరమైనచో లోపము చేతిలో ఉన్నది. రెండును కలియక, గుండ్లు అన్నియు ఒకే ప్రక్కకు పోవుచున్నచో గాలిని చదువుటలో ఉన్నది. గంటకు ఒక మైలు వేగపు అడ్డుగాలి 1000 గజముల దూరమున ఈ రైఫిలు గుండును ఇంచుమించు ఒక కళవరకు ప్రక్కకు నెట్టగలదు. ఎఫ్-క్లాస్ లక్ష్యపు బల్లమీద నడి వలయము అర కళ, దాని చుట్టునున్నది ఒక కళ. అనగా ఒక్క మైలు గాలిని తప్పుగా చదివినచో ఎంత గొప్ప గాజైనను ఆ పాయింటును కాపాడలేదు. గాలి స్థిరముగా ఉన్న దినమునను గుండ్లు దిక్కు తెలియక ఎటుబడిన అటు పోవుచున్నచో అప్పుడు మాత్రము తుపాకిని, తూటాలను, దుర్భిణిని వరుసగా అనుమానింపవలెను.

కన్ను, చేయి, గాలి, గాజు ఈ నాలుగింటిలో ఏది వెనుకబడియున్నదో కనుగొని దానిని ముందుకు తెచ్చుటయే వివేకము. ఫార్కర్‌సన్‌కు వెనుకబడినది కన్ను. ఆయన గాజును కోరుట న్యాయము. మిల్నర్‌కు వెనుకబడినది ఆ క్షణపు ధ్యానము. ఆయనకు ఏ గాజును ఉపకరించియుండదు. క్రొత్త దుర్భిణి కొనదలచినవారు ఒక మాసము పుస్తకము వ్రాయుడు. వీలైనచో తోటి గురికాని దుర్భిణిని అడిగి తమ తుపాకిమీద బిగించి, ఒక దినము పాతదానితోను, ఒక దినము దానితోను కాల్చి అంకెలు పోల్చి చూచుకొనుడు. అంకెలు గాజువైపు చూపినచో సంకోచింపక కొనవచ్చును. చేతివైపో గాలివైపో చూపినచో ఆ సొమ్మును తూటాలకు పెట్టి, పాత దుర్భిణితోనే మైదానమునకు పోవలెను.